బట్టల దుకాణం మేడ మీద సముద్రం

సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది మార్కాపురంలో, ఒక బట్టల దుకాణం మేడ మీద. నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. అసలు సముద్రం ఒంగోలు అవతల ఉందని తెలుసు. పెళ్ళి ఆర్డర్ల మీద ఒంగోలు చాలాసార్లు వెళ్ళాను కూడా. కానీ పెళ్ళి ఫోటోలకు వెళ్ళినవాడు చూసేది వంటవాడు ఎప్పుడు వడ్డిస్తాడా అని, అలలు ఎప్పుడు వస్తాయా అని కాదు.

మా పడమటి వైపు నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. బోరు నీళ్ళు కొన్నేళ్ళు తాగితే పళ్ళకు గార పడుతుంది, ఇంకొన్నేళ్ళు తాగితే మోకాళ్ళు వంగవు. ఊరంతా ప్లాంటు నీళ్ళ క్యాన్ల కోసం ఎదురుచూస్తుంటే, ఆ మేడ మీది ఇంట్లో మాత్రం క్యాన్ల కొద్దీ మంచినీళ్ళు డ్రమ్ములో పోసి, మద్రాసు నుంచి తెప్పించిన ఉప్పు అందులో కొలిచి కలిపేవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నా నోరు ఊరుకోలేదు.

"మామా, ఉప్పునీళ్ళే కావాల్నంటే మా పుల్లలచెరువు బోర్లు ఏం పాపం చేసినాయి? ట్యాంకరు తోలిస్తా. ఊరికే వస్తయి."

బట్టల దుకాణం ఆయనను నేను మామా అనేవాణ్ణి. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వు దుకాణంలో పెద్ద కొనుగోలుదారులకు మాత్రమే తీసి చూపించే సరుకు. నవ్వింది మంచం మీదున్న ఆయన భార్య.

"వీడెవరండీ, బాగా మాట్లాడతాండాడే! కూర్చోబెట్టండి," అంది.

అట్లా ఆమె నాకు అత్త అయింది.

ఆ సముద్రం, అంటే ఉప్పునీటి చేపల తొట్టె, ఆమె కోసమే వచ్చింది. ఆమెకు కడుపులో గడ్డ. మద్రాసు ఆసుపత్రిలో డాక్టరు పిలిచేదాకా కూర్చునే గదిలో ఇలాంటిదే ఒకటి ఉండేదట. నెలల తరబడి ఆ గదిలో కూర్చుని కూర్చుని, వచ్చిన రోగం కంటే ఆ చేపల గురించే ఆమె ఎక్కువ మాట్లాడేదట. పిల్లలు లేని ఇల్లు. మామ ఒక రోజు ఏమీ చెప్పకుండా మద్రాసు మనుషులను పిలిపించి, మంచానికి ఎదురుగా గోడ పొడుగునా తొట్టె కట్టించాడు. పగడాలు, చేపలు, ఒక రొయ్య, నీళ్ళు చల్లబరిచే మిషను, అల పుట్టించే మోటార్లు. ఎండాకాలం నలభై దాటే ఊళ్ళో సముద్రాన్ని ఏసీ గదిలో పెట్టి కాపాడాడు.

నన్ను పిలిచింది ఫోటోల కోసం. నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నాది అడవి అంచు పల్లె. మా నాయన, మా అమ్మ కూలి పనికి, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. నేను ఏడో తరగతిలో బడి మానేసి మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాను. బడి మానేసినవాడు ఊళ్ళో పిల్లలందరి బడికీ పలకలు కోసి పంపడం నా జీవితంలో నేను వేసిన మొదటి జోకు. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంటే అక్కణ్ణుంచి తప్పుకుని ఒక ఫోటో స్టూడియోలో చేరాను, తర్వాత నాదే ఒకటి పెట్టుకున్నాను. పాస్‌పోర్టు సైజులు, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు. వీటితోపాటు ఎవరూ బోర్డు మీద రాసుకోని పని ఒకటుంది. ఎవరైనా పోతే వచ్చి, పడుకోబెట్టిన మనిషిని ఫోటో తీసి, మూసిన కళ్ళు కంప్యూటరులో తెరిచి, ఫ్రేము కట్టి ఇవ్వడం. ఊళ్ళో ఆ పనికి నాకు మంచి పేరుంది.

అత్తకు వాళ్ళ చెల్లెళ్ళకు, తోడికోడళ్ళకు ఫోనులో పంపడానికి ఫోటోలు కావాలి. ఆమె ఫోనుతో తీస్తే అంతా మసక. చేపల్ని తీయడం ఎంత పని, పెళ్ళిలో మేనమామను నవ్వించడం కంటే కష్టమా అనుకుంటూ వెళ్ళాను. మొదటి రోజు తీసినవన్నీ నీలం. పగడాలు నీలం వెలుతురులోనే బతుకుతాయట, కెమెరాకు ఆ నీలం తప్ప ఇంకేదీ కనపడలేదు.

"ఏందల్లుడా ఇది? తెల్ల పంచలు ఉతికేటప్పుడు నీలిమందు బకెట్లో తల పెట్టినట్లుంది," అంది అత్త.

"చేపలు కదలకుండా నిలబడి, నవ్వమన్నప్పుడు నవ్వితే బాగా వచ్చేవి అత్తా. వాటికి క్రమశిక్షణ లేదు."

"నువ్వు తీసేవాళ్ళంతా కదలకుండా పడుకునేవాళ్ళే గదా. నీకు అలవాటు తప్పింది."

మామ మొహం మాడ్చుకున్నాడు. ఆమె ముందు చావు మాట ఎవరూ ఎత్తకూడదని ఆ ఇంటి కట్టడి. ఆ కట్టడిని తప్పేది ఆమె ఒక్కతే.

నెమ్మదిగా పని నేర్చుకున్నాను. పెళ్ళి లైట్లకు చుట్టే నారింజ రంగు జిలాటిన్ కాగితం కెమెరా కన్నుకు కడితే నీలం తగ్గి పగడాల అసలు రంగు బయటికొచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, కనకాంబరం రంగు. గాజులో గది ప్రతిబింబం పడకుండా నల్లగుడ్డ తల మీద కప్పుకుని, కెమెరాను గాజుకు ఆనించి తీయాలి. అన్నిటికంటే ముఖ్యం మోటార్లు ఆపడం. అల కొడుతుంటే పగడాల వేళ్ళు ఊగిపోతాయి, ఫోటో చెదిరిపోతుంది. మోటార్లు, నీళ్ళు చల్లబరిచే మిషను అన్నీ ఒకే స్విచ్చి మీద ఉండేవి. అది ఆపితే తొట్టె మొత్తం ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోయేది. ఐదు నిమిషాలకు మించి ఆపొద్దని మద్రాసు వాళ్ళు మామకు చెప్పారు, నేను వెళ్ళినప్పుడల్లా మామ నాకు చెప్పేవాడు. కానీ లెక్క చూసేది అత్త. నేను గుడ్డ కింద ఉంటే ఆమె గోడ గడియారం వంక చూస్తూ ఉండేది.

"అల్లుడా, స్విచ్చి."

"ఇంకొక్కటి అత్తా. తోడికోడలు ఇటు తిరిగింది."

"తోడికోడలు మళ్ళీ తిరుగుతుందిలే. ముందు స్విచ్చి ఎయ్."

అందరినీ తరిమే పసుపుపచ్చ చేపకు ఆమె పెట్టిన పేరు తోడికోడలు. తెల్ల పట్టీల నారింజ చేప పెళ్ళికొడుకు. ఎప్పుడూ ఒకే పగడం చాటున తచ్చాడుతూ బయటికి రావడానికి సిగ్గుపడేది. ఏడాదిన్నర పాటు నెలకు రెండుసార్లు వెళ్ళాను. ఆ ఏడాదిన్నరలో స్విచ్చి నేను మళ్ళీ వేసింది ప్రతిసారీ ఆమె చెప్పాకే. నా అంతట నేను గుర్తుపెట్టుకుని వేసింది ఒక్కసారి కూడా లేదు.

మామ గురించి ఇంకొక సంగతి. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవడం ఆయన దగ్గర మహాపాపం. దుకాణంలో ఎవరైనా గొడుగు మర్చిపోయి మెట్లు దిగితే, పనివాళ్ళు కేక వేయకూడదు. ఒకడు పక్క సందులోంచి పరిగెత్తి, ఆ మనిషి ముందుకు వెళ్ళి నిలబడి గొడుగు ఇవ్వాలి. వేసవిలో వాళ్ళు రొప్పుతూ పరిగెత్తడం చూసి నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. మా ఇళ్ళలో ఆ పట్టింపు లేదు. గడప దగ్గర తల వంచి ప్రార్థన చేసుకుని బయలుదేరతాం, వెనక ఎవరు అరిచినా "ఏంది?" అని తిరిగి చూస్తాం.

ఏప్రిల్ నెలలో గుంటూరులో పెద్ద ఆపరేషను ఖాయమైంది. నెల, రెండు నెలలు అక్కడే ఉండాలి. ఆసుపత్రి మంచానికి ఎదురుగా గోడకు అంటించుకోవడానికి ఫోటోలు కావాలని అత్త కబురు చేసింది. బయలుదేరే రోజు పొద్దున్నే వెళ్ళాను. ఇల్లంతా సంచులు, దిండ్లు, స్కానింగు కవర్లు. స్విచ్చి ఆపి, గుడ్డ కప్పుకుని వరసగా తీస్తున్నాను. అత్త ఎప్పటిలా గడియారం వంక చూడడం లేదు. పైకప్పు వంక చూస్తోంది. భయపడుతోందని అర్థమైంది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే.

"అత్తా, గుంటూరు డాక్టర్లకు ముందే చెప్పు. గడ్డ తీసేటప్పుడు పొరపాటున నాలుక తీస్తారేమో. తీసినా పర్వాలేదులే, మామకు ప్రశాంతంగా ఉంటది."

ఆమె నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, నోరంతా తెరిచి. నేను తలమీది గుడ్డ లాగేసి, ఆ నవ్వు వింటూనే ఇంకొకటి తీశాను. అంతలో నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఆగలేదు. మామ పరిగెత్తుకొచ్చాడు. కింద కారు హారను కొట్టింది.

"రాహుకాలం వస్తాంది, గడప దాటాల! నువ్వు అట్ల నిలబడి చూస్తాండావేంది, కుర్చీ పట్టు!"

ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేను ఒక వైపు, డ్రైవరు ఒక వైపు పట్టుకుని మెట్లు దించాము. ఇద్దరు మోయాల్సినంత బరువు కూడా లేదు ఆమెలో. మామ తలుపు తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకుని, దేవుణ్ణి తలచుకుంటూ కారెక్కాడు. కారు కదిలింది.

అప్పుడు గుర్తొచ్చింది.

చెయ్యి పైకి లేచింది. "మా" అనే అక్షరం నోట్లో దాకా వచ్చింది. కారు పది గజాలు కూడా పోలేదు. పిలిస్తే ఆగేది. పిలవలేదు.

ఎందుకు పిలవలేదో తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ప్రాణం మీది ఆపరేషనుకు పోతున్న మనిషిని, ఆ పట్టింపున్న మనిషిని, వెనక నుంచి పిలిచి, రేపు ఆమెకు ఏదన్నా అయితే ఆ పిలుపు నాదవుతుంది. బజారంతా నా పేరు చెప్పుకుంటుంది, ఫలానా పల్లెవాడు పిలిచాడు అని చెప్పుకుంటుంది. పోనీ సందులోంచి పరిగెత్తి ముందుకు పోయి నిలబడదామా అంటే, ఎదురు రావడానికి ముత్తయిదువలు కావాలి, పాలబిందెలు కావాలి. ఊళ్ళో శవాలకు ఫోటోలు తీసేవాడు ఎదురు రావాలని ఏ శాస్త్రంలోనూ ఉండదు. అట్లా చెయ్యి ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఊపాను. అత్త కారు అద్దంలోంచి చెయ్యి ఊపింది. టాటా చెబుతున్నానని అనుకుంది.

ఫోను చేయొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. వాళ్ళు వినుకొండ దాటాక చేద్దామనుకున్నాను, అప్పటికి దారి మధ్యలో పడతారు, వెనక పిలుపు అనిపించదు అనుకున్నాను. చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆ మధ్యాహ్నం నాకు దోర్నాలలో ఓణీల ఫంక్షను ఉంది, వెళ్ళిపోయాను. ఇంకో తాళం చెవి వాళ్ళింటి వంటామె దగ్గర ఉంటుందని తెలుసు. ఆమె ఇల్లు నాకు తెలియదు. కనుక్కుంటే దొరికేది. కనుక్కోలేదు. ఎవరికో పన్నెండేళ్ళ పిల్లకు ఓణీ వేస్తుంటే, "నవ్వమ్మా, పళ్ళు ఖర్చయిపోవు" అని జోకులు వేస్తూ సాయంత్రం దాకా ఫోటోలు తీశాను.

మరుసటి పొద్దున దుకాణం తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. చేపలకు మేత వేయడానికి వంటామె వచ్చింది. తలుపు తీయగానే వాసన తగిలింది. ఏసీ ఆగి ఉంది, నిన్నటి ఎండకు గది పొయ్యిలా ఉంది. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి, ఆ అందమైన నీలం వెలుతురు. నీళ్ళు పాలు విరిగినట్టున్నాయి. పగడాలు కరిగి జిగురు దారాలుగా వేలాడుతున్నాయి. తోడికోడలు అడుగున పక్కకు పడి ఉంది. రొయ్య తిరగబడి ఉంది. పెళ్ళికొడుకు తన పగడం చాటునే ఉన్నాడు, అక్కడ కూడా సిగ్గుపడుతున్నట్టే, తల లోపలికి పెట్టుకుని.

నేను ఆలోచించకుండా స్విచ్చి వేశాను. మోటార్లు తిరిగాయి. అల మొదలైంది. చచ్చిన చేపలన్నీ ఒక్కసారిగా ఈదడం మొదలుపెట్టాయి, తొట్టె ఈ చివర నుంచి ఆ చివరకు, గుండ్రంగా. వంటామె "అయ్యో, బతికినయి!" అంది. ఒక్క క్షణం నేనూ అట్లాగే అనుకున్నాను.

ముందురోజు మధ్యాహ్నం ఊళ్ళో చాలాసేపు కరెంటు పోయిందట. వంటామె మామకు ఫోను చేసి అదే చెప్పింది. "కరెంటు పోయి అన్నీ చచ్చిపోయినయి సామీ." నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఫోను నాకిచ్చింది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. మామ గొంతు నాకంటే ముందొచ్చింది.

"ఇన్వర్టరు బ్యాటరీ మార్చమని ఆ మద్రాసోళ్ళు చెప్పినారు, నేనే వినలే. నా చేతుల్తోనే చంపినా. ఆమెకు తెలియకూడదు, ఇంటున్నావా? ఆపరేషను రేపు. నీ దగ్గర ఫోటోలుండాయి గదా, వారం వారం కొన్ని పంపు. ఇప్పుడు తీసినయి అనుకుంటది."

సరే మామా అన్నాను.

ఆపరేషను అయింది. డాక్టర్లు కడుపు తెరిచి, చూసి, చాలా భాగం అట్లాగే ఉంచి మూశారు. ఈ సంగతి కూడా ఆమెకు చెప్పలేదు. నేను ప్రతి వారం నా పాత ఫోటోల్లోంచి ఐదారు ఏరి పంపేవాణ్ణి. కింద ఏదో ఒక కబురు రాసేవాణ్ణి. తోడికోడలు ఆస్తి పంపకం అడుగుతోందని, పెళ్ళికొడుకు నువ్వు వస్తే గానీ తాళి కట్టనంటున్నాడని. అక్కడ ఆమె అవి చదివించుకుని నవ్వుతోందని మామ చెప్పేవాడు. చచ్చినవాళ్ళ కళ్ళు తెరవడం నా వృత్తే, కానీ ఇంతకుముందు ఎవరికీ వాళ్ళు బతికే ఉన్నారని చెప్పి అమ్మలేదు.

నాలుగో వారమో ఐదో వారమో, తొందరలో ఒక ఫోటో సరిగ్గా చూడకుండా పంపాను. ఆ మధ్యాహ్నం అత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు సన్నగా, గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది.

"అల్లుడా, మీ మామ కిందికి కాఫీకి పోయినాడు. ఒకటడుగుతా, చెప్పు."

"అడుగు అత్తా."

"ఈ వారం తీసిన ఫోటోలో నేను మంచం మీద ఎట్ల ఉండాను?"

ఫోటో తెరిచి చూశాను. నల్లగుడ్డ లాగేసి తీసింది అది. గాజులో గది పడింది. మంచం, కిటికీ, దిండుకు ఆనుకుని నోరంతా తెరిచి నవ్వుతున్న ఆమె. ఆ బుగ్గ మీదుగా పెళ్ళికొడుకు ఈదుతూ పోతున్నాడు.

ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

"ఎన్ని చచ్చినయి?" అంది.

"అన్నీ అత్తా."

"నువ్వు స్విచ్చి ఎయ్యలే."

"ఎయ్యలే. కారు కదిలినాక గుర్తొచ్చింది. పిలవబోయినా."

"చూసినా. చెయ్యెత్తినావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నేను గూడా గడియారం చూళ్ళే ఆ పొద్దు. నా బాగోతంలో నేను పడిపోయినా."

"మామ బ్యాటరీ వల్ల అనుకుంటాండాడు. నేను చెప్తా అత్తా, ఈ రోజే చెప్తా."

"ఇప్పుడొద్దు. నేను పోయినాక చెప్పు. ఇప్పుడు చెప్తే నిన్ను రానియ్యడు, ఫోటోలు ఆగిపోతాయి. వారం వారం ఆ ఫోన్లో ఏదో ఒకటి చూపిచ్చాలని చూస్తాంటాడు పాపం. ఆయనకు ఇంకేం పనుంది ఈడ? నువ్వు పంపు. నేను చూస్తా."

తర్వాత ఇంకో మూడు వారాలు పంపాను. ఆమె చూసి, పగడం ఎంత పెరిగిందో చూడండి అని మామకు చూపించేదట. ఆయన సంతోషంగా నాకు చెప్పేవాడు. అది పెరగడం ఎప్పుడో ఆగిపోయింది, ఆ మాట ముగ్గురికీ తెలుసు, వాళ్ళిద్దరూ మాత్రం ఒకరికొకరు చెప్పుకోలేదు.

జూన్ మొదట్లో ఆమెను అంబులెన్సులో ఇంటికి తెచ్చారు. తొట్టె మీద దుప్పటి కప్పి ఉంది. నన్ను పిలిచారు, నా పేరున్న పనికి. నేను కెమెరా తీసుకెళ్ళాను గానీ తీయలేకపోయాను. ఆ మొహంలో తెరవడానికి ఏమీ మిగల్లేదు. నా దగ్గర వేరే ఫోటో ఉంది మామా అని చెప్పి వచ్చేశాను.

పదకొండో రోజుకు ముందు ఆయన స్టూడియోకు వచ్చాడు. కంప్యూటరులో ఆ ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇంత నవ్వు ఎప్పుడు నవ్వింది?"

"గుంటూరు పోయిన పొద్దు."

"నువ్వేమన్నావు అంత నవ్వడానికి?"

అన్నది చెప్పాను. ఆ తర్వాత స్విచ్చి సంగతి చెప్పాను. కారు సంగతి, ఎత్తిన చెయ్యి సంగతి, అత్త చేసిన ఫోను సంగతి. బ్యాటరీ తప్పు కాదు మామా అన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, పాస్‌పోర్టు ఫోటోలకు వెనక కట్టే తెల్లగుడ్డ వంక చూస్తూ విన్నాడు.

"పిలిచింటే ఆమె ఏమీ అనుకునేది కాదు," అన్నాడు చివరికి. "నేననుకునేవాణ్ణి. ఈ పొద్దు నీ మీద పడి కొట్టేవాణ్ణి, నీ పిలుపుతోనే పోయిందని."

లేచాడు.

"ఆ చేపను తీసెయ్."

తీసేశాను. చేపతోపాటు బుగ్గలో సగం పోయింది. రెండో బుగ్గను తిప్పి ఇటు అతికించాను, చచ్చినవాళ్ళకు చేసే పద్ధతిలోనే. ఇప్పుడు వాళ్ళింట్లో దండ వేసి ఉన్న ఫోటోలో నవ్వు రెండు వైపులా ఒకే రకంగా ఉంటుంది. ఆమె నవ్వు అట్లా ఉండేది కాదు.

తర్వాత చాలా నెలలు ఆయన నన్ను చూస్తే రోడ్డు అవతలి వైపు నుంచి పోయేవాడు. ఆ తొట్టెను కిందికి దించి దుకాణంలో పెట్టారు. అందులో చీరల ఫాల్స్ రంగుల వరసలో సర్దారు. ఎరుపు, ఆకుపచ్చ, కనకాంబరం. ఆడవాళ్ళు వచ్చి గాజు మీద వేలు పెట్టి, అది తీయండి, ఇది తీయండి అని చూపిస్తుంటారు.

మొన్న మా అమ్మకు చీర కొనడానికి వేరే దారి లేక ఆ దుకాణానికే వెళ్ళాను. ఆయన గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు, మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చీర తీసుకుని మెట్లు దిగాను. రోడ్డు మీద ఎండలో నాలుగడుగులు వేశాక, వెనక నుంచి బజారంతా వినపడేటట్టు కేక వచ్చింది.

"ఓయ్ అల్లుడా!"

ఆ దుకాణంలోంచి అట్లాంటి కేక నేనెప్పుడూ వినలేదు. పనివాళ్ళు కూడా విని ఉండరు, పని ఆపి నిలబడ్డారు. తిరిగి చూశాను. ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఫాల్ మర్చిపోయినావు."

వెనక్కి వెళ్ళి తీసుకున్నాను.